మీసం తీసిన కోడలు

ఎవరికీ చెప్పని మాట ఒకటి ముందే రాసేస్తాను. మా అన్న నాటికలో కోడలు దీపం ఒత్తిని ఎగదోసి, వేలికంటిన నూనెను తలకు రాసుకునే తీరు ఉంది చూడండి, అది నాది. మా ఇంట్లో నేను దీపం పెట్టేటప్పుడు చూసి, కోడలు వేషం వేసే నర్సింలు దాన్ని పట్టుకున్నాడు. మొదటిసారి ఆడవేషంలో అతను వేలు జుట్టుకు తుడుచుకోగానే నా చేయి ఒళ్లోనే బిగుసుకుపోయింది. అక్కడున్నవాళ్లంతా నావైపు తిరుగుతారనుకున్నాను. ఎవరూ తిరగలేదు. అన్నకు చెప్పలేదు, వదినకు చెప్పలేదు. రోజూ డైరీ రాసుకునే దాన్ని, అందులోనూ రాయలేదు. గద్వాల వెళ్లి వచ్చాక ఇక దాచుకోవాలనిపించడం లేదు.

బండి కట్టేముందు, నాగర్‌కర్నూల్

మా అన్న బడిపంతులు. సాయంత్రాలు నాటికలు రాస్తాడు. వదిన పుట్టిల్లు గద్వాల. ఆమెను అక్కడ దింపాలి, దారిలో గోపాల్‌పేటలో, వనపర్తిలో, చివరకు గద్వాలలో నాటిక ఆడాలి అని అన్న రెండు పనులూ ఒకే బండికెక్కించాడు. వదినకు తోడుగా నేను బయలుదేరాను.

నాటకమంటే మా వైపు తెల్లవార్లూ ఆడేది. రాజు చనిపోతూ పద్యం పాడితే జనం 'వన్స్ మోర్' అని అరుస్తారు. రాజు లేచి దుమ్ము దులుపుకొని, మళ్లీ పాడి, మళ్లీ చనిపోతాడు. అన్న నాటిక అట్లాంటిది కాదు. ఎసట్లో పోసిన బియ్యం ఉడికేలోగా అయిపోతుంది. రాజు లేడు, పద్యం లేదు. ఒక ఇల్లు, చూపు పోయిన ముసలి మామ, కోడలు. కొడుకు షోలాపూర్ మిల్లుకు పోయి ఏళ్లయింది, కబురు లేదు. ఇంట్లో ఒక్కరికి సరిపడా అన్నమే ఉందని తెలిసి మామ "ఆకలి లేదమ్మా" అంటాడు. దీపాల వేళ కొడుకు ఉత్త చేతులతో వచ్చి గడపలో నిలబడతాడు, నోరు పెగలదు. కోడలు చూస్తుంది, ఏమీ అనదు. ఒత్తి ఎగదోస్తుంది. వేలు తలకు రాసుకుంటుంది. రెండు తలెలు, అంటే పళ్లాలు, కింద పెడుతుంది. ఆ చప్పుడు విని మామ, "రెండు తలెలు పెట్టినవు?" అంటాడు. "ఆఁ మామా." కాసేపటికి మామ, "మూడోది గూడ పెట్టు. నేను గూడ తింట" అంటాడు. తెర పడుతుంది. అంతే.

కొడుకు వేషం అన్నది. మామ వేషం సత్తార్ సాబుది. ఆయన వయసంతా హార్మోనియం పట్టుకొని పెద్ద నాటకాల వెంట తిరిగినవాడు. ఈ నాటికలో పాటలు లేకపోయినా పెట్టె వెంట తెచ్చుకున్నాడు. "వాయించకున్నా ఫర్వా లేదు పంతులూ, పక్కన లేకుంటే నాకు నిద్ర పట్టదు" అన్నాడు.

కోడలు వేషం నర్సింలుది. గద్వాల నేతవాళ్ల అబ్బాయి, మా ఊళ్లో బట్టల దుకాణంలో గుమాస్తా. అభ్యాసం చేసినన్నాళ్లూ మూతికి కొంగు అడ్డం పెట్టుకునే ఆడాడు. చివరికి అన్న విసుక్కున్నాడు.

"ఎంతసేపని మూతి మూసుకుంటవురా? ఇంట్ల పంటి నొప్పి ఉన్న కోడలనుకుంటరు జనం. మీసం తీసెయ్."

తండ్రి బతికుండగా మీసం తీయకూడదు. తండ్రి పోయిన నాడే తీస్తారు. ఇది మా వైపు అందరి పట్టింపూ. మంగలి నర్సింలు గడ్డం పట్టుకొని, "మీ నాయన ఉన్నడా?" అని అడిగి, ఉన్నాడనగానే కత్తి మడిచి పెట్టుకొని వెళ్లిపోయాడు. పెరట్లో అన్నే తీశాడు. వదినా నేనూ వంటింటి కిటికీలోంచి చూశాం. నున్నటి పై పెదవితో నర్సింలు వేరే మనిషైపోయాడు.

"మీ నాయన ఏమంటడో?" అంది వదిన.

"మా నాయనకు నాటకాలంటె పానం వదినమ్మా. దమ్ము రోగంతోటి లేవలేకున్నా నాటకమంటె లేస్తడు. ఇంట్ల చెప్పలే. ఎదురుంగ చూసి ఖుషీ కావాలె."

ఆ మాట అంటూ అతను పై పెదవిని తడుముకున్నాడు. దారి పొడుగునా ఆ చేయి అక్కడికే పోయేది.

గోపాల్‌పేట: చప్పట్లు లేవు

ఒక రైతు కళ్లంలో ఆడాం. కిరోసిన్ దొరకని యుద్ధం రోజులు గనుక ఆముదపు దీపమే వెలుతురు. ఆడవాళ్లం ఒక పక్కన, గడ్డివాము చాటున కూర్చున్నాం.

తెర పడింది. ఒక్క చప్పట లేదు. జనం కదలలేదు, మాట్లాడలేదు. తెర వెనక అన్న ఊపిరి బిగబట్టి ఉంటాడని నాకు తెలుసు. చివరకు ఒక పెద్దాయన లేచాడు.

"తెరెందుకు దించిన్రు? దీపంల నూనె అయిపాయెనా?"

"అయిపోయిందండీ నాటిక," అన్నాడు అన్న తల బయటికి పెట్టి.

"ఎప్పుడు మొదలాయె?" అని ఎవడో అన్నాడు. అందరూ నవ్వారు. "పద్యమేదప్పా?" అని ఇంకొకడు. సత్తార్ సాబు పెట్టె తెచ్చి ఒక పాట వాయించి జనాన్ని ఇంటికి పంపాడు. అన్న అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున ఆ ఇంటి రైతుభార్య జొన్నరొట్టెలు కొట్టి, ఎర్రకారం, నువ్వుల పొడి వేసి మాకిచ్చింది. మా ఊరి రొట్టె కంటే పల్చగా, పెద్దగా ఉన్నాయి. ఒడిలో పరుచుకొని తినాలి. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని చాలాసేపు ఏదో అడగాలని చూసింది.

"పిల్లా, గా ముసలాయన తిన్నడా?"

"ఏ ముసలాయన?"

"మూడో తలె పెట్టుమన్నడు గద. పెట్టినంక తిన్నడా లేదా?"

"తిన్నాడు," అన్నాను.

"ఏం కూర?"

నేను ఎప్పుడూ ఆలోచించని సంగతి. "పుంటికూర," అన్నాను, మా ఇంట్లో తరచు వండే గోంగూరను తలుచుకొని.

"ఆఁ. పుంటికూరైతె బుక్కెడు ఎక్కువనే తింటరు," అని తృప్తిగా లేచిపోయింది.

బండిలో ఆ మాటే తిరిగింది నాలో. పద్యం పాడి చనిపోయిన రాజు ఆ రోజు అన్నం తిన్నాడా అని ఎవరూ అడగగా నేను వినలేదు. ఈ ముసలాయన తిన్నాడో లేదో తెలియక ఒక మనిషి నిద్రపోలేదు. చప్పట్లు కొట్టనిది నచ్చకనా, లేక కొట్టడానికి చేతులు రాకనా? అన్నకు ఈ సంగతి చెబితే ఎద్దుల వీపులు చూస్తూ విన్నాడు. తర్వాత రొట్టె అడిగి తిన్నాడు.

వనపర్తి: భుజం మీద చేయి

సంస్థానం ఊరు కదా, ఆడాలంటే అనుమతి కావాలి. ఒక అధికారి అన్నను పిలిచి, "ఇందులో రాజు ఉన్నాడా?" అని అడిగాడట. లేడన్నాడు అన్న. "దొర?" లేడు. "మరేముంది?" "మూడు తలెలు." అయితే ఆడుకోండి అన్నాడట అధికారి.

ఇక్కడ చదువుకున్న పిల్లలు వచ్చారు, చప్పట్లు కొట్టారు. కానీ నాకు గోపాల్‌పేట నిశ్శబ్దమే నయమనిపించింది. వీళ్లు సరైన చోట సరిగ్గా కొట్టారు, లేచి మాట్లాడుకుంటూ పోయారు. ఎవరూ కూర ఏమిటని అడగలేదు.

పొద్దున బజారులో బండి ఆగింది. చాయ్ ధర మా ఊళ్లో కంటే అగ్గువ, గ్లాసు మాత్రం చిన్నది. బండికి కట్టిన వెదురు తట్టి సందులోంచి నేను చూస్తూనే ఉన్నాను. నర్సింలు చాయ్ దుకాణం ముందు నిలబడి ఉండగా తలపాగా పెద్దాయన ఒకడు వచ్చాడు. నర్సింలు మొహం చూసి ఆగిపోయాడు. ఏమీ అడగలేదు. దగ్గరికి వచ్చి భుజం మీద చేయి వేసి నిమిరాడు. చాయ్, రొట్టె ఇప్పించాడు. నర్సింలు డబ్బులు తీయబోతే చేయి పట్టుకొని ఆపాడు. పోతూ పోతూ ఒకటే మాట అన్నాడు.

"ధైర్యంగ ఉండు. నేను ఈ పొద్దే గద్వాలకు పోతున్న. ఇంటికి పోయి మీ అమ్మను చూసొస్త."

నర్సింలు వెలిగిపోతూ బండి దగ్గరికి వచ్చాడు.

"నూలు సేటు రంగయ్య. రాత్రి నాటకం చూసినట్లుంది. జనం నవ్వినా ధైర్యంగ ఆడుమని! పైసలు గూడ తీయనియ్యలే."

మేమంతా సంతోషించాం. అన్న అయితే రంగయ్య సేటు రసికుడని రెండుసార్లు అన్నాడు. ఆ పెద్దాయన కళ్లలో కనిపించింది మెచ్చుకోలు కాదని నాకు అనుమానం వచ్చింది. కానీ నలుగురిలో నోరు తెరిచి చెప్పే అలవాటు నాకు లేదు.

అమరచింత: పొయ్యి వెలగని ఇల్లు

మర్నాడు పొద్దున చేరిన అమరచింతలో నర్సింలు మేనత్త ఈరమ్మ ఉంది. తండ్రి తిమ్మప్పకు ఒక్కతే చెల్లెలు. అక్కడ భోజనం చేసి ఏరు దాటాలని లెక్క. నర్సింలు ముందు నడిచి, వాకిట్లో నిలబడి, "అత్తా!" అన్నాడు.

ఈరమ్మ చేటలో జొన్నలు చెరుగుతోంది. తలెత్తింది. చేట జారిపోయింది.

"అయ్యో నా అన్నా! తిమ్మప్పన్నా! నాతోటి ఒక్క మాట చెప్పకుంటనే పోతివా!"

నేల మీద పడి గుండెలు బాదుకుంది. చుట్టుపక్కల ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి ఆమెను పట్టుకొని వాళ్లూ అందుకున్నారు. నర్సింలు మొహం తెల్లబోయింది.

"అత్తా! ఏమాయె నాయనకు? ఎప్పుడాయె?"

అతనూ కూలబడి ఏడ్చాడు. అత్త ఏడుపు చూసి నాన్న పోయాడని అతను, అల్లుడి ఏడుపు చూసి అన్న పోయాడని ఆమె, ఒకరినొకరు పట్టుకొని వాకిలంతా ఏడ్చారు. వదిన నా భుజం గట్టిగా పట్టుకుంది. ఆ గోలలో సత్తార్ సాబు ఒక్కడే తెలివిలో ఉన్నాడు.

"అమ్మా, జర ఆగు. కబురు ఎవరు తెచ్చిన్రు నీకు?"

"ఎవరు తేవాలె? వాని మూతి చెప్తలేదా!"

ఒక్కసారి అంతా ఆగిపోయింది. నర్సింలు చేయి పై పెదవి మీదికి పోయింది.

"అత్తా... నాటకం కోసం తీసిన."

ఈరమ్మ కళ్లు తుడుచుకొని, చేట అందుకొని, అదే చేటతో అతని వీపు మీద కొట్టింది. మళ్లీ కొట్టింది.

"బతికున్న నాయనకు మీసం తీస్తివా! ఆయన దమ్ముతోటి రాత్రుల్లు కూసోని తెల్లారుస్తుండు. చావును బొట్టు పెట్టి పిలుస్తివి గదరా! పంతులూ, నీకన్నా బుద్ధి లేకపాయెనా?"

అన్న తల వంచుకున్నాడు. ఎవరో ఒకావిడ నవ్వబోయి ఆపుకుంది. అప్పుడు, నా ప్రయాణం మొత్తంలో మొదటిసారి, నలుగురిలో నోరు తెరిచాను.

"అన్నా... వనపర్తిలో ఆ సేటు. భుజం నిమిరింది అందుకే."

రంగయ్య గద్వాల చేరి ఉంటాడు. చేరి ఎవరితో ఏమంటాడు? దమ్ము రోగంతో ఉన్న మనిషి వాకిట్లోకి తన చావు కబురే వస్తే ఏమవుతాడు? ఏదైనా అయితే దాన్ని ఎవరూ రోగమనరు. కొడుకు మీసం తీశాడు, తండ్రి పోయాడు అంటారు. జన్మంతా అంటారు.

ఈరమ్మ మా వెంట బయలుదేరింది. అన్నం వండలేదు. చనిపోయినవాళ్ల కోసం ఏడ్చిన ఇంట్లో పొయ్యి అంటించరు. "మా అన్నను కండ్లతోటి చూసేదాంక బుక్కెడు ముట్ట," అంది. పక్కింటివాళ్లు మాకు అంబలి, ఉల్లిగడ్డ ఇచ్చారు. నర్సింలు గిన్నె పట్టుకొని అట్లాగే కూర్చున్నాడు.

ఏరు

బండి ఒడ్డునే వదిలి, కృష్ణ దాటడానికి పుట్టి ఎక్కాలి. వెదురు బుట్టకు తోలు కప్పిన గుండ్రటి పడవ అది. మా ఊరివాళ్లకు అట్లాంటిది బావిలో వదిలే బుట్టలాగా కనిపిస్తుంది. తిరుగుతూ తిరుగుతూ పోతుంది. ముందు ఏది, వెనక ఏది తెలియదు. నేను కళ్లు మూసుకొని వదిన చేయి పట్టుకున్నాను. నర్సింలు తువ్వాలు మూతికి చుట్టుకున్నాడు. గాలికి అది జారింది. పుట్టి నడిపేవాడు చూసి తెడ్డు ఆపాడు.

"తిమ్మప్ప కొడుకువు గద? నిన్న సేటు చెప్పుకుంట పోయిండు. మీ నాయన మంచి మనిషి. ఏం చేస్తవు."

నర్సింలు తువ్వాలు మళ్లీ పైకి లాక్కున్నాడు.

ఒడ్డున ఈరమ్మ కొంగు ముడి విప్పి డబ్బులివ్వబోతే అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "చావుకు పొయ్యేటోళ్ల తాన తీసుకోనమ్మా."

"తీసుకో!" అని అరిచింది ఈరమ్మ. "నువ్వు తీసుకోకుంటే నిజమైతది! తీసుకో!"

అతను భయపడి తీసుకున్నాడు.

గద్వాల: మగ్గాలు ఆగిన వీధి

గద్వాల నేత వీధుల గురించి వదిన ఎన్నోసార్లు చెప్పింది. వీధి మలుపు తిరగకముందే చప్పుడు వినపడుతుందట. ఇంటింటా గుంట మగ్గం, పొద్దున్నుంచి దీపాల దాకా టకటక ఆగదు. ఎవరైనా పోతేనే వీధి మొత్తం మగ్గాలు ఆపుతారు.

వీధి మలుపు తిరిగాం. ఏమీ వినపడలేదు.

ఒక్క మగ్గం లేదు. అరుగుల మీద మనుషులు ఊరికే కూర్చుని ఉన్నారు. నర్సింలు ఆగిపోయాడు. ఈరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈసారి ఏడవలేదు. ఏడుపు రాకపోవడమే భయంగా ఉంది. అన్న నర్సింలు చేయి పట్టుకొని నడిపించాడు. మేం దాటుతుంటే అరుగుల మీదివాళ్లు అతని మొహం చూసి మాటలు ఆపేశారు.

వీధి చివరి ఇంటి ముందు జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో నుంచి దగ్గు వినపడింది. దగ్గు తర్వాత గొంతు.

"ఒకసారి చచ్చిన. ఇంక వన్స్ మోర్ అనకుర్రి, ఓపిక లేదు. చాయ్ తాగి పోర్రి."

తిమ్మప్ప అరుగు మీద గోడకానుకొని, రంగయ్య కబురు విని పరామర్శకు వచ్చినవాళ్ల మధ్య కూర్చున్నాడు. తెల్లటి పెద్ద మీసాలు, బక్క మనిషి. ఈరమ్మ ఆయన కాళ్లు పట్టుకొని అప్పుడు ఏడ్చింది.

"అన్నా, మరి మగ్గాలెందుకు ఆగినయి?"

"అమావాస్య గదనే పిచ్చిదానా!"

అమావాస్య నాడు నేతవాళ్లు మగ్గం ఎక్కరు. ఆ రోజు వీధంతా ఖాళీగా ఉంటుంది, నాటిక పెట్టుకుందామని అన్నకు తేదీ చెప్పినవాడు నర్సింలే. తాను చెప్పిన తిథి తానే మరిచాడు, భయంతో మాకూ ఎవరికీ గుర్తు రాలేదు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అంతలో తిమ్మప్ప కొడుకు వైపు చూశాడు.

నవ్వు పోయింది. ఆయన చూపు ఆ నున్నటి పెదవి మీద ఆగింది. గోడ పట్టుకొని లేచి లోపలికి పోయాడు. గడపలో నిలబడ్డ తల్లి మాణిక్యమ్మ కొడుకుతో ఒకే మాట అంది.

"గా మొకంతోటి ఆయన ముందటికి రాకు."

తలుపు మూసుకుంది.

గద్వాల: దీపాల వేళ

నాటిక ఆపేస్తానన్నాడు అన్న. నర్సింలు వదిన పుట్టింటి వెనక వసారాలో గోడకు మొహం పెట్టి కూర్చున్నాడు. "ఇంక నాతోని కాదు పంతులూ," అన్నాడు. ఈరమ్మ మాత్రం నన్ను వెంటబెట్టుకొని అన్నగారింటికి పోయింది, కబురు కనుక్కుందామని. ఆడపిల్లను గనుక నాకు తలుపు తెరిచారు.

లోపల చీకటి పడుతోంది. మగ్గం మీద సగం నేసిన చీర గుడ్డ కప్పి ఉంది. మాణిక్యమ్మ దేవుడి గూట్లో దీపం పెడుతోంది. ఒత్తి ఎగదోసింది. వేలు వెనక్కి పోయి జుట్టుకు తుడుచుకుంది.

నేను నిలబడ్డచోటే ఉండిపోయాను. అది నా చేయి. నేను ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పకుండా నాదని దాచుకున్న చేయి. అతను నన్ను చూసి నేర్చుకున్నాడా, పుట్టినప్పటి నుంచి చూసిందే ఆడాడా? సిగ్గేసింది, కొంచెం బాధా వేసింది.

లోపలి గదిలోంచి తిమ్మప్ప దగ్గుతూ అన్నాడు: "ఈరీ, ఊరంత నేను చచ్చిననుకుంటుండ్రు. పోయి ముందటి వరుసల కూసుంట. అందరు చూడనీ. వాన్ని ఆడుమను ఆడేదేందో."

పడుగులు సాచే బజారు చివర మట్టి గద్దె మీద ఆడారు. రోజూ దారాలు పరుచుకొని ఉండే చోటు, ఆ రోజు మనుషులతో నిండింది. నాటిక కోసం ఎంతమంది వచ్చారో, చచ్చి బతికిన తిమ్మప్ప కోసం ఎంతమంది వచ్చారో చెప్పలేను. ఆయన ముందు వరసలో, తలపాగా చుట్టుకొని కూర్చున్నాడు. మాణిక్యమ్మ ఆయన్ను ఒంటరిగా వదలలేక వచ్చింది. ఆడవాళ్లలో నా పక్కన కూర్చుని గద్దెకు వీపు తిప్పింది.

"నేను చూడ," అంది ఎవరితోనో.

నర్సింలు గద్దె ఎక్కాడు. చీర కట్టు, తల మీద కొంగు. ముందు మాటలు తడబడ్డాయి. ఎవడో, "తిమ్మప్పా, కోడలు వచ్చెనే!" అని కేక వేశాడు. కొందరు నవ్వారు. తిమ్మప్ప తల తిప్పలేదు. సత్తార్ సాబు ముసలి మామగా మంచం మీద నుంచి "ఆకలి లేదమ్మా" అన్నప్పుడు నవ్వు కొంచెం తగ్గింది. ఆ ఏడు నూలు దొరకక సగం మగ్గాలు ఊరికే ఉన్న వీధి అది.

గడపలో అన్న వచ్చి నిలబడ్డాడు. కోడలు చూసింది. నాటికలో ఎవరూ మాట్లాడని చోటు ఇది.

అప్పుడు ముందు వరసలో దగ్గు మొదలైంది.

ముందు చిన్నగా. తర్వాత ఆగకుండా. తిమ్మప్ప ముందుకు వంగిపోయాడు. వీపు ఎగిరెగిరి పడుతోంది, గాలి అందడం లేదు. మాణిక్యమ్మ తిరిగి చూసి సగం లేచింది. నేను ఆమె కొంగు పట్టుకున్నానో, ఆమె నా చేయి పట్టుకుందో గుర్తు లేదు. జనం కదిలారు. గద్దె మీద ఒత్తి దగ్గర నర్సింలు వేలు ఆగిపోయింది. నాటిక ఆగిపోతుంది, ఆయనకు ఏదో అవుతుంది, ఆ పెదవి గురించి ఈ ఊరు ఇక జన్మంతా చెప్పుకుంటుంది అనుకున్నాను.

నర్సింలు కొంగు ముందుకు లాక్కున్నాడు. గడప దగ్గర, దారిన వచ్చేవాళ్ల కోసం కోడలు నింపి పెట్టిన నీళ్ల చెంబు తీసుకున్నాడు. గద్దె దిగాడు. పరుగెత్తలేదు. కోడలు నడిచినట్టే నడిచాడు, కళ్లు కిందికి వేసుకొని. తండ్రి ముందు వంగి చెంబు అందించాడు.

తిమ్మప్ప తలెత్తాడు. ఎంతసేపు చూశాడో. చెంబు అందుకొని తాగాడు. ఊపిరి నిదానంగా కుదుటపడింది. చెంబు తిరిగి చేతికిస్తూ, వీధంతా వినేటట్టు అన్నాడు:

"పోమ్మా. గడపల మనిషి నిలబడ్డడు."

కోడలు గద్దె ఎక్కింది. ఒత్తి ఎగదోసింది. వేలు తలకు రాసుకుంది. రెండు తలెలు పెట్టింది.

"రెండు తలెలు పెట్టినవు?" అన్నాడు సత్తార్ సాబు.

"ఆఁ మామా."

"మూడోది గూడ పెట్టు. నేను గూడ తింట."

తెర పడింది. చప్పట్లు లేవు. పద్యం ఎవరూ అడగలేదు. నేను ఆడవాళ్ల వైపు చూశాను. ఒకామె వేలు జుట్టు మీద ఉంది. ఆమె వెనక ఇంకొకామెది కూడా. తాము చేస్తున్నది వాళ్లకే తెలియదు. పెద్ద నాటకంలో రాజు ఏడుపు రాజుదే. ఈ చిన్న నాటిక ఎవరి చేయి వాళ్లకు చూపించి ఊరుకుంటుంది. అంతకంటే ఎక్కువ చెప్పదు, అందుకే మిగతాది ఇంటికి తీసుకుపోతాం.

మాణిక్యమ్మ గద్దె వైపే చూస్తోంది. "నా చెయ్యి వాడు ఎప్పుడు చూసిండు?" అంది మెల్లగా.

నేను నా చేయి కొంగు కింద దాచుకున్నాను.

ఆ రాత్రి ఆ ఇంటి తలుపు కొడుక్కి మూసుకోలేదట. ఈరమ్మ పొద్దున చెప్పింది.

తిరుగు బండి

పొద్దున వదిన పుట్టింట్లో ఉగ్గాని పెట్టారు. నానబెట్టిన బొరుగులకు తాలింపు వేసి, మిరపకాయ బజ్జీలతో తింటారు. మా ఊళ్లో బొరుగులు పిల్లలకు జేబులో పోసేవే. వదిన గద్వాలలోనే ఉండిపోయింది, మమ్మల్ని ఏటి దాకా దింపే బండిలో తోడు లేక నాకు వెలితిగా అనిపించింది. వీధిలో మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి. అన్న ఏదో చెబుతున్నా నాకు వినపడలేదు, అంత చప్పుడు.

తిమ్మప్ప అరుగు మీద నుంచి సత్తార్ సాబుతో వాదిస్తున్నాడు, చివర ఒక్క పద్యమైనా ఉండాలని. నర్సింలు బండి పక్కన నిలబడ్డాడు. తువ్వాలు భుజం మీదే ఉంది, మూతికి లేదు. చేయి మాత్రం మళ్లీ పెదవి మీదికి పోతోంది. ఇక మీద తీయనని రాత్రి తల్లికి మాటిచ్చాడని అన్న నాతో అన్నాడు. కోడలు వేషానికి ఇంకెవరు దొరుకుతారో తెలియక అన్న మొహం వాడిపోయి ఉంది. దొరకకపోతే ఆ నాటిక ఇంతటితో సరి.

మాణిక్యమ్మ పసుపు, కుంకుమ, రవికె గుడ్డ తెచ్చి నా ఒడిలో పెట్టింది. కొడుకు వైపు ఒకసారి చూసింది. మగ్గాల చప్పుడులో నాకొక్కదానికే వినపడేలా బండికున్న వెదురు తట్టి మీదికి వంగింది.

"ఇంక తియ్యనని ఒట్టు పెట్టిండు బిడ్డా. మరి మీసం పెరిగినంక, గా కోడలు యాడికి పోతది?"